మొక్క నాటారు సరే, కొనేదేమిటి?

సంపాదకులకు,

వారం కిందట మీ జిల్లా పేజీలో మా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వైపు సర్కారు ఆసుపత్రిలో పచ్చదనం కార్యక్రమం ఫొటో వేశారు. ఎనిమిది మంది పెద్దలు కలిసి ఒక్క వేప మొక్కను పట్టుకున్నారు. వెనక బల్ల మీద వరసగా ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. వాటిని కత్తిరించకుండా అచ్చువేసిన మీకో దండం. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, మా అప్ప అదే ఆసుపత్రిలో పదకొండు రోజులుంది, తోడు నేనే. ఇవాళ్టికి తీరింది, ఆ ఆసుపత్రి కొనే సరుకుల సంగతి రాస్తున్నాను.

అక్కడ భోజనం థర్మకోల్ పళ్లెంలో పెడతారు. వేడి దాల్మా (కూరముక్కలు వేసిన పప్పు) పడగానే అది నడుం విరిగినట్టు వంగిపోతుంది. అప్ప రెండు చేతులా అడుగున పట్టుకుంటే నేను తినిపించాను. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన సరుకే ఇది! గేటు దాటి సంతకి వెళ్తే సవర గిరిజన ఆడవాళ్లు కుట్టిన అడ్డాకు విస్తళ్లు కట్టలు కట్టలుగా ఉంటాయి. అవెందుకు కొనరని అడిగితే, "టెండరు వెయ్యమనండి బాబాయ్ గారూ" అన్నాడు స్టోరు కుర్రాడు. టెండరంటే జీఎస్టీ నంబరు, మూడేళ్ల టర్నోవరు, ధరావతు, డిజిటల్ సంతకం. ఇవన్నీ దాటినా బిల్లు ఎప్పుడొస్తుందో తెలీదు. కొండెక్కి ఆకు కోసుకునేవాళ్లు ఆర్నెల్లు అప్పు పెట్టగలరా?

కుర్రాణ్ని అనను. వేరే శాఖలో నేనూ 31 ఏళ్లు స్టోర్స్ చూసినవాణ్నే. ఒకసారి ఎల్-1ని, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాణ్ని వదిలి, గట్టిగా ఉన్నాయని రెండో కొటేషన్ బల్లలు కొనమని నోట్ పెట్టాను. తేడా 1,140 రూపాయలు. ఆడిట్‌కి జవాబు చెప్పుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ బల్లలు ఇప్పటికీ ఉన్నాయి, నాకు మెమో ఇచ్చినాయన మాత్రం ప్రమోషన్ మీద వెళ్లిపోయాడు. చవక సరుకు కొన్నవాణ్ని ఎవరూ ఏమీ అడగరు. మంచి సరుకు కొన్నవాడే సంజాయిషీ రాసుకోవాలి.

ఫ్యాన్లే చూడండి. పాత రకం 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే కొత్త బీఎల్‌డీసీ రకం 30 లోపే. వార్డులో ఫ్యాన్ రోజుకి ఇరవై గంటలు తిరుగుతుంది. అంటే ఒక్కో ఫ్యాన్‌కి నెలకి 27 యూనిట్లు, నలభై ఫ్యాన్లకి వెయ్యి పైన మిగులుతాయి. ధర రెట్టింపు కాబట్టి కొనరు. కొనే డబ్బు ఒక పద్దు, కరెంటు బిల్లు ఇంకో పద్దు. ఈ పద్దు మిగిలితే చాలు, ఆ పద్దు ఏమైతే వాళ్లకేం? కేంద్రం వారి 2017 ఆర్థిక నియమాల్లో కరెంటు పొదుపుని చెప్పే స్టార్ రేటింగు చూసి కొనమని రాసే ఉంది. ఎవరు చదివారు? మార్చి 31 లోగా డబ్బు ఖర్చు కావాలి గనక నిరుటి టెండరు కాగితంలోనే సంవత్సరం ఒక్కటి దిద్ది పంపిస్తారు.

ఇక చెత్త సంచులు. క్లోరిన్ కలిసిన ప్లాస్టిక్ సంచులు 2019 మార్చి 27 తర్వాత ఆసుపత్రుల్లో ఉండకూడదు, కాలిస్తే డయాక్సిన్ అనే విషం వస్తుంది. ఈ ఆసుపత్రిలో వాడేది ఏ రకమో సిస్టర్‌ని అడిగాను. "ఎర్రది" అంది పాపం. ఆ మాట అంటూ ఎత్తగానే అడుగు ఊడి సెలైన్ ట్యూబులన్నీ మెట్ల మీద పడ్డాయి. ఒకటికి రెండు సంచులు తొడగమని పై నుంచి చెప్పారట. మరి చవక ఎక్కడ మిగిలినట్టు?

ప్రభుత్వ కొనుగోళ్లు పర్యావరణానికి మేలు చేసేలా ఉండాలని ఐక్యరాజ్యసమితి 2015 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 12.7 అని ఒక నంబరు కూడా ఇచ్చింది. మీటింగుల్లో తెర మీద వేసి చూపిస్తారు. ఇండెంటు (కావాల్సిన సరుకుల పట్టీ) రాసే మనిషికి మాత్రం ఒక్క పూట శిక్షణ ఇవ్వరు.

మా చిన్నప్పుడు ఆసుపత్రిలో నంబరు చెక్కిన స్టీలు కంచాలుండేవి. గాజు సిరంజిలు మళ్లీ తెమ్మనడం లేదు, కంచాల మాటే అంటున్నాను. కడిగే మనిషి పోస్టు రద్దయింది, దాంతో కంచాలూ పోయాయి.

ఈ నెల మళ్లీ ఫ్యాన్ల టెండరు పడుతోందట. అందులో స్టార్ రేటింగు అనే మాట ఉందో లేదో మీ విలేకరిని ఒకసారి చూసి రమ్మనండి. మొక్క ఫొటో తీయడానికి వచ్చినాయనకి దారి తెలిసే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టోర్‌కీపరు,
గజపతి జిల్లా, ఒడిశా