జైరోప్లేన్ ప్రమాద నివేదిక కోసం మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన మంత్రివర్యులకు తిరుపతి నుంచి నమస్కారాలతో విన్నవించుకుంటున్నది.

మా మేనల్లుడు శిక్షణలో నడుపుతున్న జైరోప్లేన్, అంటే రెక్కలకు బదులు పైన తిరిగే రోటార్‌తో ఎగిరే చిన్న విమానం, పొరుగు రాష్ట్రంలోని ఒక చిన్న రన్‌వేపై దిగుతూ అదుపు తప్పి బోల్తాపడిన సంగతి తమ శాఖ దృష్టిలో ఉన్నదే. అది జరిగి ఏడాది దాటింది. అర్జీలు పెట్టుకున్నాం, గుర్తుచేస్తూ మళ్లీ మళ్లీ రాశాం, సమాచార హక్కు చట్టం కింద కూడా అడిగాం. దర్యాప్తు కొనసాగుతున్నదన్న ఒక్క వాక్యం తప్ప మరే జవాబూ రాలేదు. ఇక్కడ సోమవారం అర్జీల్లో ఇస్తే, ఇది కేంద్రం పరిధిలోని విషయమని చెప్పి రసీదు చేతికిచ్చారు. వారు చెప్పింది నిజమే, అందుకే తమకే రాస్తున్నాను.

నివేదిక రాకపోయినా కారణం మాత్రం నోటిమాటగా అందరూ తేల్చేశారు. దిగేటప్పుడు కుర్రవాడు అదుపు చేయలేకపోయాడట. అయ్యా, అదుపు తప్పిందన్నది మాకూ తెలుసు. ఎందుకు తప్పిందో చెప్పవలసిన వారు ఎవరు?

ఆ రోజు తోటి విద్యార్థి ఫోనులో తీసిన దృశ్యం మా దగ్గర ఉంది. గాలి వాటం చూపే గుడ్డ గొట్టం (విండ్‌సాక్) రన్‌వేకు అడ్డంగా, నిండుగా గాలి పోసుకుని ఉంది. వెనక చక్రాలు రెండూ నేలను తాకాయి. ముందు చక్రం ఆనగానే యంత్రం ఎడమకు లాగి, ఆ ఊపుకు కుడివైపు బోల్తాపడింది. ఇంకా వేగంగా తిరుగుతున్న రోటార్ రెక్క రన్‌వేను కొట్టి ముక్కలైంది.

భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక ఆ దృశ్యాన్ని అక్కడితో వదిలిపెట్టలేకపోయాను. చాలా జైరోప్లేన్లలో ముందు చక్రం కాలి పెడళ్లకు కలిపి ఉంటుంది. అడ్డగాలిలో ముక్కును రన్‌వే వైపు నిలపడానికి ఒక పెడల్‌ను తొక్కిపట్టిన పైలట్, ముందు చక్రం నేలను తాకేలోగా దాన్ని మధ్యకు తేకపోతే, చక్రం వంకరగా నేలను పట్టుకుని యంత్రాన్ని పక్కకు ఈడుస్తుంది. పైగా ఎగిరేటప్పుడు రోటార్‌ను తిప్పేది ఇంజను కాదు, గాలి. చక్రాలు నేలను తాకిన తర్వాత కూడా అది నెమ్మదించేదాకా ఎత్తే శక్తి దానిలో మిగిలే ఉంటుంది. 1923 జనవరిలో స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా ఎగరేసి చూపిన ఈ యంత్రం, వేగం తగ్గితే విమానం పట్టు కోల్పోయి కూలడాన్ని తప్పించడానికే పుట్టింది. గాలిలో అంత నమ్మకంగా నిలిచేది నేల మీది ఆ కొద్ది క్షణాల్లో బోల్తాపడుతుందని తెలిసినప్పుడు, ఆ క్షణాల కోసమే కదా శిక్షణ ఉండవలసింది? అడ్డగాలిలో దిగడం వాడికి ఎంత నేర్పారు? ఆ గాలిలో ఒంటరిగా ఎగరడానికి అనుమతించినది ఎవరు? ప్రమాదం తర్వాత పెడళ్లనూ బ్రేకులనూ ఎవరైనా విప్పి చూశారా?

ప్రమాద దర్యాప్తులో బరువు 2,250 కిలోలు దాటిన విమానాలకు ఒక తీరు, దాటని వాటికి ఒక తీరు ఉన్నదని నియమాలు చదివి తెలుసుకున్నాను. రెండు సీట్ల జైరోప్లేన్ మనుషులతో, ఇంధనంతో కలిపినా సాధారణంగా 600 కిలోలకు మించదు. యంత్రం తేలికైనంత మాత్రాన అందులో విరిగిన మా వాడి చెయ్యి తేలికైనది కాదు.

ఆ కుడి ముంజేతిలో ఇప్పుడు స్టీలు ప్లేటు ఉంది. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, అన్నం కలుపుకోలేడు, చొక్కా బొత్తాలు మా చెల్లెలే పెడుతుంది. బంగారుపాళెం దగ్గరి మామిడితోట తాకట్టు పెట్టి శిక్షణ ఫీజు కట్టారు. బీమా వారిని అడిగితే తుది నివేదిక తెమ్మంటారు. శిక్షణ సంస్థ వారు నివేదిక వచ్చేదాకా ఏమీ మాట్లాడలేమంటారు. మళ్లీ ఎగరవచ్చునా అని అడిగినా అదే జవాబు. ప్రతి తలుపు మీదా ఆ నివేదిక పేరే రాసి ఉంది, ఆ నివేదిక మాత్రం తమ దగ్గర ఉంది. ఈలోగా వడ్డీ ఆగడం లేదు, వాడేమో రోజురోజుకీ తప్పంతా తనదేనని నమ్ముకుంటున్నాడు.

దర్యాప్తు ఉద్దేశం ప్రమాదాలను నివారించడమే తప్ప నిందను పంచడం కాదని విమాన ప్రమాదాల దర్యాప్తు నియమాలే చెబుతున్నాయి. వీలైతే పన్నెండు నెలల్లో తుది నివేదిక ఇవ్వాలని, కుదరకపోతే ప్రతి ఏడూ ప్రమాదం జరిగిన తేదీకి ఎక్కడిదాకా వచ్చిందో ప్రకటించాలని అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడిక పదమూడవ అనుబంధం చెబుతోంది. ఆ తేదీ వచ్చి వెళ్లిపోయింది. ప్రకటనా లేదు.

మంత్రివర్యా, మేము ఎవరినీ శిక్షించమని కోరడం లేదు. నివేదిక ఇప్పించండి. సిద్ధం కాలేదంటే ఏది తేలింది, ఏది తేలలేదు అన్న ప్రకటనైనా వెంటనే ఇప్పించండి. జైరోప్లేన్ శిక్షణ ఇచ్చే ప్రతి చోటా, అడ్డగాలిలో దిగడం పూర్తిగా నేర్పకుండా విద్యార్థిని ఒంటరిగా పంపకుండా ఆదేశించండి. రేపు మా తిరుపతిలో యాత్రికుల కోసం ఇలాంటి గగన విహారాలు పెట్టాలన్న ప్రతిపాదన తమ బల్ల మీదకు వస్తే, దాని మీద సంతకం చేసేముందు ఈ ప్రమాద నివేదికను తెప్పించుకుని చదవవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ అధ్యాపకుడు, తిరుపతి