చెట్టు ఎత్తు చూసి ఇక ధర చెప్పను

‘ఎన్ని అడుగుల చెట్టండీ?’ ఫోన్ ఎత్తగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదేనని మీలో చాలామందికి తెలుసు. మీరు ‘నలభై ఉంటుందేమో’ అంటారు, నేనొక అంకె చెబుతాను, మీరు వెయ్యి తగ్గించమంటారు, నేను తగ్గిస్తాను. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో చెట్లు కొట్టే నా పని ఇలాగే నడిచింది. వచ్చే నెల నుంచి ఆ ప్రశ్న మానేస్తున్నాను. కొన్ని పనుల ధర పెరుగుతుంది, కొన్నింటికి తగ్గుతుంది. కారణం దాచకుండా చెబుతాను.

మొన్న వేసవిలో మారతహళ్లి దగ్గర ఒక ఇంటి వెనక అరవై అడుగుల సిల్వర్ ఓక్. ఫొటో చూసి 18,000 రూపాయలకు ఒప్పుకున్నాను. వెళ్లి చూస్తే ఇంటికీ ప్రహరీకీ మధ్య సందు రెండున్నర అడుగులే. ఒక పక్క వాళ్ల సోలార్ హీటరు, ఇంకో పక్క పొరుగువారి రేకుల షెడ్డు. చెట్టును పడగొట్టడానికి చోటే లేదు. ప్రతి కొమ్మకూ మోకు కట్టి, కప్పీ మీదుగా మెల్లగా దించాం. కొమ్మలు అయ్యాక మొదలు దగ్గర అసలు కష్టం మొదలైంది. రెండడుగుల మందం, మూడడుగుల పొడవు ఉన్న పచ్చి దుంగ 200 కిలోలకు పైనే తూగుతుంది. అందుకని అడుగుకొకటి చొప్పున బిళ్లలు కోశాం. ఒక్కో బిళ్ల 70 కిలోల పైమాటే. దాన్ని గోనెపట్టాలో వేసి, ముందొకరు వెనకొకరు పట్టుకుని, గోడకు మోచేతులు గీసుకుపోతుంటే వీధిలోకి చేర్చారు. ఒక్క రోజనుకున్న పని మూడు రోజులు పట్టింది.

లెక్క ఇది. చెట్టెక్కే మనిషికి రోజుకు 2,500, కింద నలుగురికి తలా 1,000. మూడు రోజులకు 19,500. టెంపో రెండు ట్రిప్పులకు 6,000. పెట్రోలు, రంపం గొలుసు 1,500. మొత్తం 27,000. అంటే 9,000 చేతి నుంచి పడింది. ఆ ఇంటావిడ మూడు రోజులూ అందరికీ మజ్జిగ ఇచ్చారు. ఆ జమ వేరు.

ఆ తొమ్మిది వేలు పూడ్చుకున్న తీరు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కొత్త మోకు కొనడం రెండు నెలలు వాయిదా వేశాను. ఒకరోజు మా చెట్టెక్కే పెద్దాయన పాత మోకును వేళ్ల మధ్య తిప్పి నా ముందు పెట్టాడు. పోగులు తెగి పిల్లి మీసాల్లా లేచి ఉన్నాయి. ‘ఇది బట్టలు ఆరేసుకోవడానికి బాగుంటుంది’ అని మాత్రం అన్నాడు. ఆ రోజు పని ఆపేశాం.

రెండోది ఇంకా తప్పు. ఆ వారమే వైట్‌ఫీల్డ్‌లో ఖాళీ స్థలం మధ్య ఒక కొబ్బరి చెట్టు కొట్టాం. రెండు గంటల పని. ఆ స్థలం యజమాని దగ్గరా అడుగుల లెక్కనే తీసుకున్నాను. సందులోని చెట్టుకు ఆయనెందుకు డబ్బు కట్టాలి? ఆయన ఇది చదువుతుంటే ఫోన్ చేయాలి, కొంత తిరిగి ఇవ్వాల్సి ఉంది.

ఇకపై నేనే వచ్చి చూసి ధర చెబుతాను. రాకపోకలకు 500 తీసుకుంటాను, పని మాకే ఇస్తే అది మొత్తంలో తగ్గిస్తాను. చెట్టు ఎక్కడ పడుతుంది, దుంగలు ఏ దారిన బయటికి వస్తాయి, కరెంటు తీగలు ఎంత దగ్గరగా ఉన్నాయి అని చూస్తాను. తీగలుంటే బెస్కాం (ఇక్కడి కరెంటు సంస్థ) వాళ్లు సరఫరా ఆపేదాకా మా ఐదుగురూ ఊరికే కూర్చుంటారు. ఆ కూలీ కూడా పడుతుంది. ఎండిన చెట్టుకు ధర ఎక్కువే. ‘ఎండిపోయిందిగా, తేలికే’ అంటారు. పచ్చి కొమ్మ వంగి చెబుతుంది, ఎండిన కొమ్మ చెప్పకుండా విరుగుతుంది. దాని మీదికి మనిషిని ఎక్కించలేను, క్రేన్ కావాలి.

‘కలప మీరే తీసుకుని ఎదురు డబ్బివ్వండి’ అనేవారికి: సిల్వర్ ఓక్‌కైతే కొంత వస్తుంది, అదీ బట్టల తాడు కోసం మేకులు కొట్టి ఉండకపోతే. మేకులున్న దుంగను కోత మిల్లువాళ్లు తాకరు. గుల్‌మొహర్ కట్టెల కిందే పోతుంది, వచ్చేది టెంపో బాడుగకు చాలదు. అమ్మితే వచ్చింది ఇకపై బిల్లులోనే తగ్గించి చూపిస్తాను.

ఆదివారం తెల్లవారేలోపు గుట్టుగా కొట్టేయమని అడగవద్దు. 1976 నాటి కర్ణాటక చట్టం ప్రకారం కొబ్బరి, సిల్వర్ ఓక్, నీలగిరి, సరుగుడు వంటి కొన్నింటికి తప్ప వృక్షాధికారి అనుమతి కావాలి, చెట్టు మీ పెరట్లోదే అయినా. చచ్చిన చెట్టుకో, ప్రాణాలకో ఇంటికో ప్రమాదంగా ఉన్నదానికో అనుమతి నిరాకరించకూడదని ఆ చట్టమే చెబుతుంది. దరఖాస్తు నేనే రాసిపెడతాను, దానికి డబ్బు తీసుకోను. చాలాసార్లు కొట్టే అవసరమే ఉండదు. మే నెల గాలివానలకు ముందు బరువైన కొమ్మలు రెండు తీస్తే సరిపోతుంది. అప్పుడూ ఆ మాటే చెబుతాను, నాకు వచ్చేది తక్కువైనా.

ఇప్పటికే మాట ఇచ్చిన ఆరు పనులు పాత ధరకే చేస్తాను. అందులో హొరమావులోని ఎండిన వేప ఉంది, తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు, అయినా పాత ధరకే. మిగతావారు ఫోన్ చేసేటప్పుడు చెట్టు ఎత్తు చెప్పకండి. టేపు తీసుకుని గేటు వెడల్పు, వెనక సందు వెడల్పు కొలిచి చెప్పండి.