షుగర్ చీటీలో కండ ఊసేదీ?

సంపాదకులు గారికి,

మీ పత్రిక జిల్లా పేజీలో షుగర్ ఉచిత శిబిరాల వార్తలు తరచూ చూస్తుంటాను. ఫోటో ఎప్పుడూ ఒక్కటే. షామియానా కింద వరుసగా జనం, ముందు కూర్చున్నాయన వేలికి సూది. రీడింగ్ చెబుతారు, మాత్రలిస్తారు, అన్నం తగ్గించమంటారు. ఆ వరుసలో నేనూ నిలబడ్డవాణ్ణే. మీ ఒంట్లో కండ ఎంత మిగిలిందని మాత్రం అక్కడ ఎవరూ అడగలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం తిరుమల ఘాట్ మీదే. జనం మెట్లెక్కి కొండకు పోతుంటే నేను సీట్లో కూర్చుని పోయాను. యాభై దాటాక షుగర్ బయటపడింది. అన్నం సగం చేశాను, రాత్రికి రెండు పుల్కాలతో సరిపెట్టాను. రెండేళ్ళలో తొమ్మిది కిలోలు తగ్గాను. వీధిలో అందరూ ‘బాగా తగ్గినావే’ అని మెచ్చుకున్నారు. మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె మాత్రం ఎనిమిదిన్నర దగ్గరే కూర్చుంది. నేను చూపించుకునే చోట ఇంకో మాత్ర కలిపి పంపారు.

పోయిన ఏడాది ఇంట్లో వ్రతానికి పీట మీద కూర్చున్నాను. లేవబోతే తొడలు సహకరించలేదు. హారతి పళ్ళెంతో సహా పక్కకు ఒరిగిపోయాను. మా అల్లుడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. మోకాళ్ళ నొప్పి అనుకుని ఫిజియోథెరపీకి వెళ్తే అక్కడి అమ్మాయి నా మోకాలు ముట్టుకోనే లేదు. చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకోమంది. “అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో చూద్దాం సార్” అని ఫోన్లో టైమర్ పెట్టింది. నాలుగుకే ఆయాసం. ఏడు దగ్గర ఆగిపోయాను. అరవై దాటిన నా వయసు మగవాళ్ళు 14 సార్లయినా లేవాలట. “కొవ్వుతో పాటు కండను కూడా కరగదీసుకున్నారు సార్” అంది. పన్నెండేళ్ళ నా షుగర్ ఫైల్లో ఈ మాట ఎక్కడా లేదు.

అప్పటి నుంచి దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. తెలిసిందేమిటంటే, ఇన్సులిన్ పనిచేసినప్పుడు రక్తంలోంచి బయటికి పోయే గ్లూకోజ్‌లో డెబ్భై, ఎనభై శాతం దాకా ఎముకల మీది కండలే తీసుకుంటాయి. దీన్ని 1980ల నాటికే పరిశోధకులు కొలిచి చూపించారు. టైప్ టూ షుగర్‌లో ఈ కండ ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. కండ కణాల్లో పేరుకునే కొవ్వు కూడా ఇందుకు ఒక కారణమంటారు. మా భాషలో చెప్పాలంటే, కండక్టర్ ఎంత విజిల్ వేసినా డోరు తెరుచుకోదు, ప్రయాణికులంతా స్టాండులోనే ఉండిపోతారు. కండకు పని చెబితే సంగతి వేరు. పనిచేసే కండ ఇన్సులిన్ విజిల్ కోసం చూడదు. గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే గ్లూట్-ఫోర్ అనే ప్రోటీన్‌ను తనంతట తనే కణం అంచుకు పంపి తలుపు తీసుకుంటుంది. పని ఆపాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట కాస్త బాగా వింటుంది. అందుకే వరసగా రెండు రోజులు మించి వ్యాయామం మానొద్దంటారు. మనలో చాలామంది మింగే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం వదిలే గ్లూకోజ్‌ను తగ్గిస్తుంది. దాని పని అది చేస్తుంది, మాత్ర మానమని నేననడం లేదు.

మనవాళ్ళకు ఇది మరీ అవసరం. 2004లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో అచ్చయింది. ఒకరు పుణె డాక్టర్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ డాక్టర్ యుడ్‌కిన్. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం దొరగారికి 9.1 శాతం, మనాయనకు 21.2. ‘నేను సన్నగానే ఉన్నాగా’ అనేవాళ్ళు ఆ ఫోటో చూడాలి. మనకు పక్కనున్న చెన్నై డాక్టర్లు 2006లో వెల్లడించిన అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్నవాళ్ళకు తిండి, వ్యాయామం మార్పుతో జబ్బు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్‌తో తగ్గింది 26.4.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అందరూ అడుగుతున్నారు. మంచి మందులేనట. కానీ వాటితో తగ్గే బరువులో పాతిక నుంచి నలభై శాతం దాకా కొవ్వు కానిది, అందులో కండ కూడా, ఉండొచ్చని పరీక్షల్లో తేలింది. కండను కాపాడే మందుల మీద పరిశోధన నడుస్తోంది. ఆ మందు తిరుపతికి వచ్చేలోగా కుర్చీ ఉంది కదా.

తిరుపతిలో వ్యాయామం అనగానే అలిపిరి మెట్లు గుర్తొస్తాయి. భక్తి సంగతి వేరు, దాని జోలికి నేను పోను. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకునో, ఇన్సులిన్ పొడుచుకునో, కడుపు మాడ్చుకుని 3,550 మెట్లు ఎక్కితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. మొద్దుబారిన పాదాలతో, చెప్పుల్లేకుండా ఎక్కితే బొబ్బ లేచినా తెలియదు, అది పుండయ్యాక తెలుస్తుంది. ‘రోజూ నడవండి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే జనం ఇలాగే చేస్తారు. ఎంతసేపు, తిన్నాక ఎప్పుడు, ఏ కండకు ఏం పని, అదీ మాత్ర డోసు రాసినట్టే చీటీ మీద రాయాలి. తిండి విషయం కూడా అంతే. సంగటి తింటే చాలు షుగర్ రాదని మా వైపు ఒక నమ్మకం. రాగుల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ, పైగా సంగటిలో అన్నం కలుపుతాం. కండకు కావాల్సింది పక్కన పెట్టుకునే ఉలవలు, అలసందలు, గుడ్డు.

స్విమ్స్ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ కాలేజీ నడుస్తున్న ఊరు మనది. అక్కడ చదివే పిల్లలను వారానికొక రోజు పట్టణ ఆరోగ్య కేంద్రాలకు పంపే ఏర్పాటు చేయొచ్చు. షుగర్ రోగుల చేతి పట్టు, తొడల బలం చూసి చీటీ మీద అంకె రాస్తే, ఆరు నెలలకు పెరిగిందో తరిగిందో డాక్టరుకూ తెలుస్తుంది, రోగికీ తెలుస్తుంది. దీనికి కోట్లేమీ అక్కర్లేదు. జిల్లా వైద్యాధికారులు, కార్పొరేషన్ వాళ్ళు ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

కుర్చీలోంచి లేవడంలో నేను ఇప్పుడు పదమూడుకు వచ్చాను. మూడు నెలల షుగర్ సగటు 7.4. ఈసారి ఎక్కడ శిబిరం పెట్టినా సూది బల్ల పక్కన ఒక కుర్చీ కూడా వేయండి. చేతుల్లేనిదై ఉండాలి, అంతే. షామియానా వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
తిరుపతి