మేనత్తల జబ్బులనూ అడగాలి

సంపాదకులకు,

నమస్కారం.

అమెరికాలోని బోస్టన్‌లో డేనా ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో డీఎన్ఏ మరమ్మతుపై పరిశోధన చేస్తున్న డాక్టర్ అలన్ డి ఆండ్రియా గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చెన్నైలో జన్యు పరీక్షల ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి, ఆ వ్యాసంలోని ప్రతి వాక్యాన్నీ శ్రద్ధగా చదివాను. ఆయన సాధించినవన్నీ వ్యాసకర్త చక్కగా చెప్పారు గానీ, వాటితో మన తెలుగు కుటుంబాలకు ఉన్న సంబంధాన్ని ప్రస్తావించలేదు. ఆ సంబంధం చాలా దగ్గరిది, దాన్ని పట్టించుకోకపోతే ప్రాణాలు పోతాయి. అందుకే ఈ ఉత్తరం.

పిల్లల క్యాన్సర్ వైద్యుడిగా శిక్షణ పొందిన డి ఆండ్రియా ఎన్నో ఏళ్లు వెచ్చించినది ఫాంకోనీ అనీమియా అనే అరుదైన జబ్బు మీద. స్విట్జర్లాండ్‌కు చెందిన పిల్లల డాక్టరు గైడో ఫాంకోనీ 1927లో ముగ్గురు అన్నదమ్ముల్లో దీన్ని మొదట గుర్తించారు. ఈ పిల్లల్లో ఎముక మూలుగ క్రమంగా పనిచేయడం మానేస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, కొందరికి బొటనవేళ్లు సరిగా ఏర్పడవు, క్యాన్సర్ ముప్పు చిన్న వయసు నుంచే ఎక్కువగా ఉంటుంది. రక్తం తగ్గిందని, ప్లేట్‌లెట్లు ఎంత ఎక్కించినా నిలవడం లేదని తల్లిదండ్రులు ఊళ్ల నుంచి తీసుకొచ్చిన ఇలాంటి బిడ్డల రక్తం మా ల్యాబ్‌కు వచ్చేది. ఆ రక్తంలోని తెల్లకణాలను పెంచుతూ, మైటోమైసిన్ సి అనే మందును అతి స్వల్ప మోతాదులో కలిపేవాళ్లం. మూడు రోజుల తర్వాత వాటిని స్లైడ్ మీదకు తీసి, రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తే, ఆరోగ్యవంతుల క్రోమోజోములు చాలావరకు చెక్కుచెదరకుండా ఉండేవి. ఫాంకోనీ బిడ్డ క్రోమోజోములు మాత్రం తునకలై, తెగిన కొనలు తప్పుగా అతుక్కుని, అక్కడక్కడా రెండేసి క్రోమోజోములు కలిసిపోయి నాలుగు చేతులు చాచిన ఆకారంలో కనిపించేవి. మైటోమైసిన్ డీఎన్ఏలోని రెండు పోగులనూ ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. మన కణాలు ఆ ముడిని విప్పి, తెగినచోట మళ్లీ సరిచేసుకుంటాయి. ఆ పిల్లల కణాలకు ఆ శక్తి పుట్టుకతోనే ఉండదు.

ఇంత అరుదైన జబ్బు మీద అంత కాలం వెచ్చించడం ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. దానికి జవాబు 2001, 2002 సంవత్సరాల్లో దొరికింది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనేవి చెడితే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువులు. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు, ఫాంకోనీ జబ్బుతో ముడిపడిన ప్రొటీన్లలో ఒకటి బీఆర్‌సీఏ1 ప్రొటీన్ ఉన్నచోటికే చేరుతుందని డి ఆండ్రియా బృందం మొదట చూపింది. కొందరు ఫాంకోనీ పిల్లల్లో చెడిపోయినది బీఆర్‌సీఏ2 జన్యువేనని మరుసటి ఏడాది తేల్చింది. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి చెడితే పెద్దయ్యాక రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. రెండూ చెడితే పుట్టిన బిడ్డకే ఫాంకోనీ అనీమియా వస్తుంది. పసిబిడ్డ మూలుగ జబ్బుకూ, నలభై ఏళ్ల తల్లి అండాశయంలోని గడ్డకూ మూలం ఒకే మరమ్మతు వ్యవస్థలో ఉంది.

చికిత్స మారింది కూడా ఈ దారిలోనే. అండాశయ క్యాన్సర్‌కు ఇచ్చే కార్బోప్లాటిన్ కూడా డీఎన్ఏ పోగులను ముడివేసే మందే కాబట్టి, బీఆర్‌సీఏ లోపం ఉన్న గడ్డలు దానికి బాగా లొంగుతాయి. ఆ లోపం ఉన్న కణాల్లో పార్ప్ అనే మరో మరమ్మతు ఎంజైమును కూడా అడ్డుకుంటే అవి బతకలేవని 2005లో రెండు పరిశోధన బృందాలు వేర్వేరుగా చూపాయి. ఆ ఆలోచనతో తయారైన ఒలాపరిబ్ అనే మందుకు 2014 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. బీఆర్‌సీఏ లోపంతో అండాశయ క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడి, కీమోథెరపీకి స్పందించిన స్త్రీలకు దీన్ని కొనసాగింపుగా ఇస్తే, జబ్బు ముదిరే లేదా మరణించే ముప్పు 70 శాతం తగ్గినట్టు 2018లో వెలువడిన ప్రయోగ ఫలితాలు చెప్పాయి. కొన్ని గడ్డలు కాలక్రమంలో మళ్లీ మరమ్మతు నేర్చుకుని ఈ మందుకు లొంగకుండా పోతాయన్నదీ నిజమే. అలాంటి వాటి కోసం డి ఆండ్రియా బృందం నోవోబయోసిన్ అనే పాత యాంటీబయాటిక్‌ను పరీక్షించి, అది మరో మరమ్మతు ఎంజైమును అడ్డుకుంటుందని 2021లో ప్రకటించింది. ఆయన పనిచేసే సంస్థ పేరులో ఉన్న సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల ల్యుకేమియాను (రక్త క్యాన్సర్‌ను) తాత్కాలికంగానైనా లొంగదీసినట్టు ప్రకటించింది మన భీమవరంలో పుట్టి, ఈ మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మందుతోనేనని ఈ సందర్భంలో గుర్తుచేయకుండా ఉండలేను.

అయితే గడ్డలో గానీ, రక్తంలో గానీ బీఆర్‌సీఏ లోపం ఉందో లేదో తెలిస్తేనే ఒలాపరిబ్ ఎవరికి పనిచేస్తుందో తేలేది. రక్తపరీక్షలో లోపం బయటపడితే అది ఆ రోగి ఒక్కరి విషయం కాదు, కుటుంబమంతటిదీ. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే తెలుగు కుటుంబాల దగ్గర మన పద్ధతులు అడ్డుపడేది ఇక్కడే. నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒకామెను ఇంట్లో ఇంకెవరికైనా క్యాన్సర్ ఉందా అని అడిగితే, అమ్మకు లేదు, అక్కచెల్లెళ్లకు లేదు అని ఖాయంగా చెప్పింది. పక్కన కూర్చున్న ఆమె తండ్రి చాలాసేపు ఊరుకుని, తన అక్క రొమ్ములో పుండుతో ఎప్పుడో పోయిందనీ, కానీ ఆమె కావలిలో అత్తగారింట్లో కదా పోయిందనీ అన్నారు. ఆయన దేన్నీ దాచలేదు. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల జబ్బు ఆయన లెక్కలో ఆ ఇంటిది, తమది కాదు. కానీ బీఆర్‌సీఏ లోపం తండ్రి వైపు నుంచి వచ్చే అవకాశం తల్లి వైపు నుంచి వచ్చే అవకాశంతో సమానమే. లోపం ఉన్న తండ్రి నుంచి కొడుక్కైనా, కూతురికైనా అది సంక్రమించడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. బీఆర్‌సీఏ1 లోపం ఉన్న స్త్రీకి ఎనభై ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు 72 శాతం, అండాశయ క్యాన్సర్ ముప్పు 44 శాతం అని 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ముందే తెలిసిన స్త్రీకి స్కానింగులు, అండాశయాలను తీయించుకోవడం వంటి మార్గాలున్నాయి. తెలియని స్త్రీకి అవేవీ లేవు.

మేనరికం ఉన్న కుటుంబాల్లో ఇది మరింత ముఖ్యం. మేనత్త కొడుకును గానీ, మేనమామను గానీ చేసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఒకే జన్యువులో ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు చెడు ప్రతులు చేరే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు చేసుకున్నవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కుటుంబంలో లోపం ఉందని తెలిశాక కూడా పరీక్ష లేకుండా సంబంధం ఖాయం చేసుకోవడం మాత్రం తప్పే. పరీక్ష చేయిస్తే అమ్మాయికి పెళ్లి కాదన్న భయంతో రిపోర్టును దాచిన తల్లులను చూశాను. వాళ్ల భయం ఉత్తది కాదు. దాన్ని పోగొట్టాలంటే ఎవరైనా తీరుబడిగా కూర్చుని, తెలుగులో, అమ్మాయి ఎదుటే అన్నీ విడమరిచి చెప్పాలి.

చెన్నై క్యాన్సర్ ఆసుపత్రులకు నా విన్నపం ఇది. తెలుగు రోగుల కుటుంబ వివరాలు రాసుకునేటప్పుడు తండ్రి అక్కచెల్లెళ్లనూ, నాయనమ్మనూ పేరుపేరునా అడిగి రాసుకోవాలి. జన్యు పరీక్షకు ముందూ, ఫలితం చెప్పేటప్పుడూ తెలుగు వచ్చిన కౌన్సెలర్ ఉండాలి. ఒప్పుకోలు పత్రాన్ని తెలుగులో అచ్చువేయాలి. చదవడం రాని భాషలోని పత్రం మీద వేలిముద్ర వేయించుకుంటే అది ఒప్పుకోలు కాదు. మీ ఆరోగ్య పేజీలోనూ ఈ విషయాలను వరుసగా ప్రచురిస్తే, ఆసుపత్రికి బయలుదేరే ముందే కుటుంబాలు ఇరువైపులా పెద్దవాళ్లను అడిగి, ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో రాసి తెచ్చుకునే వీలుంటుంది.

భవదీయురాలు,
జన్యు పరీక్షల ల్యాబ్ విశ్రాంత ఉద్యోగిని,
పెరంబూరు, చెన్నై