తుక్కుకు పంపే ముందు జిల్లాకు ఒక్క జీపునైనా ఉంచండి

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రభుత్వ ఆఫీసుల ఆవరణల్లో పడి ఉన్న పాత వాహనాలను వేలం వేసి తుక్కుకు పంపుతున్నారని మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. పొగ కక్కే బండ్లు రోడ్డెక్కకూడదనడం సబబే, దానికి నా అభ్యంతరం ఏమీ లేదు. అయితే ఆ కండెమ్ బండ్ల (ఇక పనికిరావని పక్కన పెట్టినవాటి) మధ్య యాభై, అరవై ఏళ్ల నాటి జీపులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వాటినీ నిన్నమొన్నటి కార్లతో కలిపి కిలోల లెక్కన తూకం వేసి పంపేస్తున్నారు. దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైనా దయచేసి పూర్తిగా చదవండి.

నేను ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా నాయన నాగార్జునసాగర్ ప్రాజెక్టులో వర్క్ చార్జ్‌డ్ డ్రైవరు, అంటే ప్రాజెక్టు పని ఖర్చులోంచి జీతం ఇచ్చే ఉద్యోగి. నేను పుట్టింది హిల్ కాలనీ క్వార్టర్లో. జీపు చప్పుడు విని నాయన డ్యూటీ దిగి వచ్చాడని గుర్తుపట్టడం మాటలు రాకముందే నేర్చుకున్నానని అమ్మ చెప్పేది.

పోయిన ఉగాదికి ఒక రైతు దగ్గర పాత సీజే-3బీ రకం జీపు కొన్నాను. అది ఎప్పుడో ప్రభుత్వ శాఖ వేలంలో పోయి, చేతులు మారి, చివరికి పొలం గట్టున ఆగిపోయిన బండి. నాయన నడిపిన జీపు ఇది కాదు. ఆ జీపు ఏమైందో చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు లేరు. ఇది కూడా అదే రకం, అదే ఇంజిను. మహీంద్రా సంస్థ 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలై, 1947లో అమెరికా కంపెనీ విల్లీస్ జీపుల వైపు వచ్చింది. విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించేవాళ్లు. 1953లో అమెరికాలో సీజే-3బీ వచ్చింది. అక్కడ 1968తో దాని తయారీ ఆగిపోయినా, మన దేశంలో ఆ ఆకారం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది. ఈ జీపు బానెట్ ఎత్తుగా ఎందుకుంటుందని పిల్లలు అడుగుతుంటారు. లోపలి ఇంజినే ఎత్తు. గాలి లోపలికి వెళ్లే వాల్వులు పైన హెడ్‌లో, పొగ బయటికి పోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. అంతకుముందు జీపుల ఇంజినుకు వాల్వులన్నీ పక్కనే ఉండేవి కాబట్టి దాని బానెట్ కిందికి ఉండేది. నాలుగు సిలిండర్లు, 2,199 సీసీ, ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లలో పెట్రోలు మండే వరుస, 1-3-4-2. మా విద్యార్థుల్లో చాలామందికి ఇదంతా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పానే గానీ, విప్పి చూపించడానికి ఐటీఐలో అలాంటి ఇంజిను ఎన్నడూ లేదు.

చాలామంది ఇప్పుడు ఈ జీపులు కొని కమాను కట్టలు (స్ప్రింగులు) పీకేసి, వేరే డీజిల్ ఇంజిను పెట్టి, వెడల్పు టైర్లు వేసి, నల్ల రంగు కొట్టి తిప్పుతున్నారు. తయారైన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా, డెబ్భై ఏళ్ల కిందటి పనితనాన్ని కత్తిరించి పారేయడం నాకు మనసొప్పదు. నా బండికి అసలు ఇంజిను, అసలు మూడు గేర్ల పెట్టె, పక్కనే ఫోర్ వీల్‌కు, లో గేరుకు వేసే రెండు లివర్లు అన్నీ ఉన్నాయి. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే. దాని తుప్పు కడగడానికి ఎండాకాలమంతా పట్టింది. అరిగిన బుష్షులు ఎక్కడా దొరక్క లేత్ పట్టించాను. మిర్యాలగూడలో ఆ పని నమ్మకంగా చేసే చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్ల తర్వాత ఎవరు చేస్తారో నాకు తోచడం లేదు.

కార్తీక మాసంలో ఒక రాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. అల్లుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాడు, స్టెంటు వేశారు. బరువులు ఎత్తొద్దు, ఇంజిను స్టార్ట్ చేయడానికి చేత్తో తిప్పే హ్యాండిల్ రాడ్ తిప్పొద్దు, రోజూ నడవమన్నారు. రక్తం గడ్డ కట్టకుండా రెండు రకాల మాత్రలు ఇచ్చారు. మెకానిక్ చేతికి ఆ మాత్రలతో వచ్చే ఇబ్బంది అనుభవిస్తే గానీ తెలియదు. స్పానరు జారి వేలికి చిన్న గీరుడు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు. ఇప్పుడు గ్లౌజులు లేకుండా షెడ్డులో అడుగు పెట్టనివ్వనని మా ఆవిడ షరతు పెట్టింది, నేనూ ఒప్పుకున్నాను. తెల్లవారుజామున ఎడమ కాలువ గట్టు మీద నడుస్తున్నాను. నాయన వాళ్లు పనిచేసిన ప్రాజెక్టు నీళ్లే ఆ కాలువలో పారేది.

పని చేయకుండా కూర్చోవడం నాకు చేతకాదు. అటక మీద ఉన్న నాయన రేకు పెట్టె దింపించి తెరిచాను. అందులో డ్రైవింగ్ లైసెన్సు, రెండు ఫొటోలు, అట్ట చిరిగిన ఒక లాగ్ బుక్కు ఉన్నాయి. అది 1964 నాటిది. తేదీ, బయల్దేరిన చోటు, చేరిన చోటు, మైళ్లు, పని, అధికారి సంతకం అని గళ్లు. స్పీడోమీటరు మైళ్లలో ఉండేది కాబట్టి లెక్కంతా మైళ్లలోనే. కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు. నాయన అయిదో తరగతి దాటలేదు, కానీ ఆ చేతిరాత గుండ్రంగా, ఒక్క గీత పక్కకు పోకుండా ఉంటుంది. డ్యాము, పైలాన్ కాలనీ, మాచర్ల, హాలియా, పెద్దవూర, మళ్లీ డ్యాము. పని గడిలో సిమెంటు, కూలీల జీతాలు, డాక్టరు గారు, ఇంజినీరు గారి తనిఖీ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ రెండు తేదీల మధ్య, 1964లో, ఈ జీపు ఏ రోజు ఎక్కడికి ఏ పని మీద పోయిందో ఈ లాగ్ బుక్కులో ఉంది. నాయన దాచుకున్నాడు కాబట్టి ఇది ఒక్కటి మిగిలింది.

అందులో ఒక పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చేరిన చోటు అన్న గడిలో మా తాతల ఊరు పేరు ఉంది. పని: ముంపు ఇళ్ల కొలతలు. ఆ ఊరు ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. ముంపులో ఇల్లు పోయిందని చిన్నప్పటి నుంచీ తెలుసు గానీ, కొలవడానికి వెళ్లిన జీపు నడిపింది నాయనే అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఒంట్లో కాస్త కుదుటపడ్డాక, నాయనతో పాటు పనిచేసిన ఒక పెద్దాయన్ని వెతుక్కుంటూ మాచర్ల వైపు వెళ్లాను. తొంభైకి దగ్గర పడ్డారు, చెవులు సరిగ్గా వినపడవు. మా మనవరాలు ఫోనులో ఆయన మాటలు రికార్డు చేసింది. ఆ పేజీ చదివి వినిపిస్తే ఆయన వెంటనే అన్నారు: "ఆ రోజు నేనూ ఉన్నా అబ్బాయ్. సర్వేకు వచ్చిన కుర్రాడు ఒక్కడే. టేపు రెండో కొస పట్టుకున్నది మీ నాయనే. వాళ్ల ఇల్లు వచ్చినప్పుడు ఇంకెవరినైనా పట్టుకోమందామని సారు అన్నాడు. అక్కర్లేదు సార్, నేనే పడతా అన్నాడు. కొలత తేడా వస్తే అమ్మకు రావాల్సిన డబ్బులు తగ్గుతాయని." నాయన పోయి చాలా ఏళ్లయింది. ఈ మాట ఆయన ఉండగా నాకు తెలిసి ఉంటే ఎంత అడిగేవాణ్నో!

ఆ తర్వాత ఇదే నాకు వ్యాపకమైంది. పాత డ్రైవర్లు ఎక్కడున్నారని తెలిసినా వెళ్తున్నాను. ప్రాజెక్టు వాళ్లే కాదు, మలేరియా శాఖలో దోమల మందు డీడీటీ పంపులు వేసుకుని తిరిగినవాళ్లు, పంచాయతీ సమితి ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం ఉన్న జీపు నడిపినవాళ్లు ఉన్నారు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన తర్వాత సహాయక పనులకు పోయి, నెల దాకా ఇంటికి రాలేదని ఒకాయన చెప్పారు. రోడ్డు లేని ఊరికి డాక్టరును, టీకాను, బీడీవోను (బ్లాకు అభివృద్ధి అధికారిని) మొదట తీసుకెళ్లింది ఈ జీపులే. మన పల్లెల్లో ప్రభుత్వం అంటే చాలాకాలం జీపే. ఆ జీపు నడిపినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. లాగ్ బుక్కుల్లో ఉన్నాయి.

వాళ్ల ఆరోగ్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాదాపు అందరికీ నడుము నొప్పి, చాలామందికి వినికిడి తక్కువ. గతుకుల దారుల్లో గట్టి కమాను కట్టల మీద ముప్ఫై ఏళ్లు కూర్చున్న వెన్నెముకలవి. సీసం కలిసిన పెట్రోలును పైపుతో నోటితో లాగేవాళ్లు. దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000లో. బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి ఆ దుమ్మును గాలితో ఊదడం షెడ్డుల్లో రోజూ చూసేవాళ్లం. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేది దశాబ్దాల తర్వాత. పాత బండ్ల సరదా ఉన్న కుర్రాళ్లకు ఇదే చెబుతున్నాను: పాత బ్రేకులు విప్పితే ఎయిర్ కొట్టకండి, తడిపి తడిగుడ్డతో తుడవండి, సరైన మాస్కు పెట్టుకోండి. దగ్గు, ఆయాసంతో వచ్చిన పెద్దవాళ్లను ఏం పని చేసేవారని డాక్టర్లు కూడా అడిగితే మంచిది. హ్యాండిల్ రాడ్ తిప్పేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచాలని నాయన నేర్పాడు. రాడ్డు చుట్టూ వేస్తే, ఇంజిను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. అలా విరిగి వంకరగా అతికిన బొటనవేళ్లు ఈ ఏడాది కళ్లారా చూశాను.

ఇక నా విన్నపం. సొంత పాత బండ్లు ఉన్నవాళ్లకు ఇప్పుడొక దారి ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకుంటే 5 వేలు. రోజువారీ తిరగకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు బయటికి తీయొచ్చు. పింఛనుదారుకు 20 వేలు బరువే, ఆ మొత్తం తగ్గించాలని నా కోరిక. అయినా దారంటూ ఉంది. ఆఫీసు వెనక తుమ్మచెట్టు కింద ఉన్న ప్రభుత్వ జీపు తరఫున దరఖాస్తు పెట్టేదెవరు? అక్కడి కొత్త సిబ్బందికి అది ఖాళీ చేయాల్సిన జాగా మాత్రమే. వాళ్లను నేను తప్పు పట్టను, ఆ బండి కథ వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అందుకని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాను. వేలం జాబితా తయారు చేసేటప్పుడే 50 ఏళ్లు దాటిన బండ్లను వేరు చేయండి. జిల్లాకు ఒక్కటి, తక్కువ పాడైనదాన్ని ఎంచి ఉంచండి. రోడ్డెక్కాల్సిన పని లేదు, ఒక షెడ్డు కింద నిలబెడితే చాలు. నల్లగొండ పక్కనే పానగల్లులో మ్యూజియం ఉంది. సాగర్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు. జలాశయం నిండకముందు నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాలను విప్పి, కొన్నింటిని కొండ మీదకు, కొన్నింటిని అనుపు దగ్గరికి తరలించి మళ్లీ కట్టారు. అంత శ్రమకు ఓర్చిన ప్రాజెక్టు తన సొంత జీపు ఒక్కదాన్ని నిలుపుకోలేదా? బాగు చేయలేని స్థితిలో ఉన్నవాటి ఇంజిన్లు, గేరు పెట్టెలు ఐటీఐలకు ఇవ్వండి. కోసి లోపలి భాగాలు కనిపించేలా పెడితే పిల్లలు కళ్లతో చూసి నేర్చుకుంటారు.

లాగ్ బుక్కుల సంగతి ఇంకా తొందరగా చూడాలి. ఇనుము తుప్పు పట్టడానికి ఏళ్లు పడుతుంది, కాగితానికి ఒక్క వర్షాకాలం చాలు. రికార్డు గదులు ఖాళీ చేసేటప్పుడు చిత్తు కాగితాల కింద అమ్మేయకుండా, 1980కి ముందువి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాలేఖల శాఖకో (పాత రికార్డులు భద్రపరిచే ఆర్కైవ్స్), ఆంధ్రప్రదేశ్‌లో అదే పని చూసే శాఖకో పంపాలని కలెక్టర్లు ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ముంపు గ్రామాల మీద పరిశోధన చేసేవాళ్లకు అవి ఎంత పనికొస్తాయో మా తాతల ఊరి పేజీ చూసిన నాకు తెలుసు.

మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది. పాత ప్రభుత్వ డ్రైవర్ల జ్ఞాపకాలకు వారానికి ఒకసారి కొంచెం చోటు ఇవ్వండి. తొంభైకి చేరువైన వాళ్లు, ఎక్కువ కాలం ఆగలేరు. నేను రికార్డు చేసినవి మా మనవరాలు తెలుగులో టైపు చేస్తోంది, కావాలంటే పంపుతాను. నాయన లాగ్ బుక్కు నకలు అడిగిన ఏ మ్యూజియంకైనా ఉచితంగా ఇస్తాను. ఏ ఐటీఐ అయినా పాత జీపు ఇంజిను తెచ్చి పెట్టుకుంటే, వారానికి రెండు పూటలు వచ్చి పిల్లలకు విప్పి చూపిస్తాను. బరువులు వాళ్లు ఎత్తాలి, మిగతాది నేను చూసుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా.