తాళం వేసిన ఇంటికి సీడర్ చెక్క చాలదు

సంపాదకులకు,

సంక్రాంతికి తెరిచి, పండగ వెళ్లగానే మళ్లీ తాళం పడే ఇళ్లు కోనసీమలో ఊరూరా ఉన్నాయి. వాటి యజమానులు కొందరు ఈమధ్య సీడర్ అనే వాసన చెక్కతో చేసిన ఉండలు, ముక్కలు ఆన్‌లైన్‌లో తెప్పించి బీరువాల్లో, అటకల మీద, గుమ్మాల దగ్గర కూడా పెట్టి వెళ్తున్నారు. చెదలు రావని, చెమ్మ పీల్చేస్తుందని నమ్మకం. ఆ చెక్క చేసే పని ఒకటుంది గానీ అది చాలా చిన్నది.

సీడర్ చేవలోని, అంటే మాను నడిమి గట్టి చెక్కలోని, నూనె బట్టలు కొట్టే చిమటల పిల్లపురుగులను, అదీ గుడ్డు నుంచి కొత్తగా వచ్చినవాటిని మాత్రమే చంపుతుంది. గుడ్లనూ ఎదిగిన పురుగులనూ ఏమీ చేయదు. ఇక చెదలకు ఈ ఉండలు లెక్కే కాదు. అమెరికాలో బట్టల అల్మరాలకు వేసే రెడ్ సీడర్ జూనిపర్ జాతి చెట్టు. సీడర్ అనే పేరే ఉన్న మన హిమాలయ దేవదారు వేరే చెట్టు. దాని చేవ నీటిలో త్వరగా పుచ్చదు కాబట్టే శ్రీనగర్ హౌస్‌బోట్లు దానితో కట్టారు, హిమాచల్ పాత ఇళ్లలో రాతి వరసల మధ్య దాని దూలాలు పేర్చారు. అయితే ఆ దూలం తాను పుచ్చకుండా ఉంటుందే తప్ప పక్క గోడ చెమ్మను ఆపదు.

వాడదలిస్తే పట్టుచీరలు, ఉన్ని శాలువాలు ఉన్న పెట్టెలోనే వాడండి. శుభ్రంగా ఉన్న నూలు బట్టల జోలికి చిమటలు సాధారణంగా పోవు. మూత బిగుతుగా పట్టే ట్రంకుపెట్టె కావాలి. సందులున్న బీరువాలో వాసన నిలవదు. చీరలను ముందు శుభ్రం చేయించాలి, చెమట, కూర మరకలున్నచోటే పురుగు మొదట కొరుకుతుంది. ఎర్రటి చేవ కనిపించే ముక్కలే కొనండి, తెల్లటి భాగంలో నూనె దాదాపు ఉండదు. వార్నిష్ కొట్టినవి దండగ. నూనె మరక అంటకుండా పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టాలి. ఏడాదికోసారి 120 నంబరు ఉప్పు కాగితంతో పైపొర రుద్దితే వాసన మళ్లీ తేలుతుంది. కలరా ఉండల కంటే ఇది నయమే. ఆ ఉండల వాసన పట్టిన బట్టలు పసిపిల్లలకు, ముఖ్యంగా జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవారికి, రక్తకణాలు విరిగే ప్రమాదం తెస్తాయి.

ఇంటిని తినేది అసలు చెమ్మ. తేమను కొలిచే, కొన్ని వందల రూపాయలకు వచ్చే హైగ్రోమీటర్ ఒకటి గోడకు తగిలించండి. గాలిలో తేమ 60 శాతం లోపు ఉంటే బూజు పట్టడం కష్టం. డెల్టాలో వానాకాలం మూసిన గదిలో అది 80 దాటడం మామూలే. మండువా ఇళ్లను చూడండి: గాలి ఆడేందుకే ఉన్న మండువాను ఫైబర్ రేకుతో మూసేశారు, సున్నం గోడలకు ప్లాస్టిక్ పెయింట్ కొట్టారు. గోడలోంచి ఊరే తేమ బయటపడే దారి లేక పెయింటు బుడగలు లేచి పెచ్చులూడుతోంది. అలాంటి గోడకు పెయింటు గీకేసి సున్నమే వేయాలి. వెంటిలేటర్లు మూయకుండా స్టీలు జాలి బిగించండి. బీరువాను గోడకు నాలుగు అంగుళాల ఎడంగా, ఇటుకల మీద నిలపండి. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు కొన్ని వారాల్లో నీటితో నిండిపోతాయి, మార్చే మనిషి లేకపోతే వద్దు. ఇల్లు చూసే మనిషి ఉంటే ఎండ కాసిన రోజుల్లోనే, పదింటి నుంచి మూడింటి దాకా కిటికీలు తెరవమని చెప్పండి. ముసురు రోజున తెరిస్తే బయటి తేమ లోపలికి చేరుతుంది.

చెదల మట్టి దారిని చీపురుతో దులిపేసి ఊరుకుంటే అవి మరోచోట నుంచి ఎక్కుతాయి, గూడు నేలలో ఉంటుంది కదా. గోడ, నేల కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ అనే చెదల మందు కలిపి, పీల్చుకున్నంత, గరిష్ఠంగా రంధ్రానికి లీటరు, పంపించాలి. లైసెన్సున్న వారితోనే చేయించండి. నూతి పక్క గోడకు మాత్రం ఈ మందు వద్దు, ఇక్కడ భూగర్భజలం పైపైనే ఉంటుంది. గోడకు ఆనించిన కొబ్బరి డొక్కలు, కమ్మలు, పాత పేపర్ల కట్టలు ముందు తీసేయకపోతే ఎంత మందు పోసినా వృథా.

ఇంకొకటి చాలామంది మరుస్తారు. స్నానాలగది నహానీ ట్రాప్‌లో, అంటే నేల తూము కింద నీరు నిలిచే గిన్నెలో, నీరు ఎండిపోతే బొద్దింకలు ఆ దారినే వస్తాయి. తాళం వేసే రోజు అందులో చెంబెడు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే నీరు త్వరగా ఆవిరికాదు.

— పాత ఇళ్ల మరమ్మతుల మేస్త్రీ, అమలాపురం