రైడ్ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టు

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. జిమ్ములో చేరి నాలుగు నెలలైంది, 8 కిలోలు తగ్గావు, కానీ ఆదివారం మోటార్‌సైకిలెక్కితే రెండో గంటకే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, నడుము పట్టేస్తోంది, రెంట్లో ఏదో ఒకటి మానేయాలేమో అని రాశావు. ఏదీ మానక్కర్లేదురా. శుక్రవారం స్క్వాట్లు (బరువుతో గుంజీలు), శనివారం డెడ్‌లిఫ్టులు (నేల మీది బరువును పైకి లేపడం), ఆదివారం తెల్లారకముందే 300 కిలోమీటర్లు అని నువ్వే వరసగా రాశావు చూడు, చిక్కంతా ఆ వరసలోనే ఉంది.

బరువులెత్తిన నొప్పి ఎత్తిన పూటే రాదు. 12 నుంచి 24 గంటల్లో మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. అంటే శుక్రవారం స్క్వాట్ల నొప్పి సరిగ్గా ఆదివారం పొద్దున నీ తొడల్లో ఉంటుంది. తొడల్లో సత్తువ లేకపోతే మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టలేవు. అలా పట్టకపోతే బ్రేకు వేసిన ప్రతిసారీ ఒళ్లు ముందుకు జారి, బరువంతా అరచేతుల మీద పడుతుంది. చేతుల తిమ్మిరికి మూలం కాళ్లలో ఉందని చాలామందికి తట్టదు. అందుకే వారాన్ని సోమవారం నుంచి ముందుకు కాదు, రైడ్ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టు. కాళ్ల పని మంగళవారం, మహా అయితే బుధవారం. ఛాతీ, భుజాలు గురువారం. డెడ్‌లిఫ్టులూ పుల్‌అప్‌లూ లాంటి, పిడికిలి అలిసే పని ఏదైనా సరే గురువారం పొద్దుటికల్లా ఆపెయ్. శనివారం అరగంట నడక, తుంటి ముందు కండరాలకు కాస్త సాగదీత, పెందలాడే నిద్ర, అంతే. ఆ ఒక్క రోజు జిమ్ముకు వెళ్లకపోతే కండ కరిగిపోదు.

ఇక చేతులు. ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో నువ్వు రాయలేదు, అది చాలా ముఖ్యం. చిటికెన వేలు, ఉంగరపు వేలు అయితే అరచేతి అడుగున చిటికెన వేలి వైపు ఉన్న కండ గ్రిప్ మీద ఒత్తుకుంటోందన్నమాట. ఆ వేళ్లకు వెళ్లే నరం ఉండేది అక్కడే. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అయితే మణికట్టు వంగి ఉండిపోతోంది. రెండోది చాలాసార్లు బ్రేకు, క్లచ్చు లివర్ల కోణం వల్లే వస్తుంది. బండి మీద మామూలుగా కూర్చుని, కళ్లు మూసుకుని, చేతులు చాపి రెండేసి వేళ్లు లివర్ల మీద పెట్టు. కళ్లు తెరిచి చూసుకుంటే మోచేతి నుంచి వేలి కొస దాకా ఒకే గీత కనపడాలి. మణికట్టు దగ్గర చెయ్యి పైకి విరిగినట్టుంటే లివర్లు ఎత్తుగా ఉన్నట్టే. హ్యాండిల్‌కు లివర్‌ను పట్టి ఉంచే క్లాంపు బోల్టులు కొద్దిగా వదులు చేసి, లివర్‌ను నాలుగైదు డిగ్రీలు కిందికి తిప్పి, మాన్యువల్‌లో రాసిన టార్కుకే (బిగింపు కొలతకే) మళ్లీ బిగించు. తర్వాత హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడు. బ్రేకు హోసు గానీ కేబుల్ గానీ ఎక్కడా బిగుసుకోకూడదు.

క్లచ్చు బరువుగా ఉంటే దాన్ని ముంజేతి వ్యాయామంతో గెలవాలని చూడకు. లివర్ కొస దగ్గర ఫ్రీ ప్లే, అంటే క్లచ్చు పట్టుకునే ముందు లివర్ ఊరికే కదిలే దూరం, 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉందా, కేబుల్ ఎండిపోయిందా, ముందు చూడు. లివర్ వైపు కొస విప్పి, పల్చటి నూనె కింది కొసలోంచి కారేదాకా చుక్కలు చుక్కలుగా వదిలితే చెయ్యికి తేడా అప్పుడే తెలుస్తుంది. పోగులు తెగి ఉంటే నూనె పొయ్యడం దండగ, కేబులే మార్చెయ్.

జిమ్ములో నువ్వు చేసేదంతా పిడికిలి మూసే పనే. బండి మీదా అదే. తెరిచే కండరాలకు ఎవరూ పని పెట్టరు. ఐదు వేళ్ల కొసలకూ రబ్బరు బ్యాండు తగిలించి, 20 సార్లు తెరిచి మూయి, రోజుకు రెండు విడతలు. కడ్డీ పట్టుకుని వేలాడటం 30 సెకన్ల చొప్పున మూడుసార్లు, రెండు చేతుల్లో బరువులు మోస్తూ 40 అడుగుల నడక మూడుసార్లు, వారానికి ఒకరోజు సరిపోతుంది. బండి మీద మాత్రం పట్టు బిగించకు. ముంజేతి కండరం రక్తంతో ఉబ్బుతుంది గానీ దాని చుట్టూ ఉన్న పొర అంత సాగదు. లోపల ఒత్తిడి పెరిగి వేళ్లు మాట వినవు. పావుగంటకోసారి మోచేతుల్ని రెక్కల్లా ఆడించు. ఆడకపోతే పట్టు బిగించేశావన్నమాట.

మెడ గురించి నువ్వు అడగలేదు గానీ వదలబుద్ధి కావట్లేదు. తల దాదాపు 5 కిలోలు, హెల్మెట్ మరో కిలోన్నర. దాని మీద గాలి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం నాలుగో వంతే పెరుగుతుంది, తోపు మాత్రం సగానికి పైగా. అరచెయ్యి నుదుటికి ఆనించి, తల కదలకుండా 10 సెకన్లు తొయ్యి. అలాగే తల వెనక, రెండు పక్కలా, ఒక్కోవైపు ఐదేసిసార్లు. పూర్తి బలంతో వద్దు, సగం చాలు. తల మీద బరువు పెట్టి గిరగిరా తిప్పే వ్యాయామం ఎవరు చెప్పినా చెయ్యకు.

జిమ్ము సంచి వీపున తగిలించుకుని బండి మీద వెళ్తున్నావు కదా, అందులో స్టీలు సీసా, బెల్టు బకిల్, తాళం ఎక్కడ ఉన్నాయో చూసుకో. పడ్డావంటే అవి వెన్నెముకకీ రోడ్డుకీ మధ్య ఉంటాయి. గట్టివన్నీ తీసి సీటు వెనక బ్యాగులో వేసి కట్టు. వీపున తువ్వాలు, బట్టలే ఉండాలి. కసరత్తు అవ్వగానే తాళం తిప్పకు. బరువులాపిన వెంటనే బీపీ పడి కళ్లు తిరిగే అవకాశం ఉంది. పది, పదిహేను నిమిషాలు నడిచి, నీళ్లు తాగి, బండి పక్కన నిలబడి బ్రేకు లివర్‌ను పదిసార్లు గట్టిగా నొక్కి చూడు. వేళ్లు వణికితే ఇంకాసేపు ఆగు.

నీళ్ల లెక్క తేలికే. రైడ్‌కు ముందూ తర్వాతా బట్టలు విప్పి తూకం చూసుకో. దారిలో తాగినది కలిపి, మూత్రంగా పోయినది తీసేసి చూస్తే, ఒక కిలో తగ్గిందంటే దాదాపు లీటరు చెమట పోయినట్టు. గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది కాబట్టి బండి మీద అది తెలియదు, దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకో: గాలి మన ఒంటి కన్నా వేడిగా, అంటే 37 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు జాకెట్ తెరిస్తే చల్లబడకపోగా ఇంకా కాగొచ్చు. లోపలి బనియను తడిపి, జిప్పు చాలావరకు మూసి నడుపు.

నడుము సంగతి చివరికి ఉంచాను, కారణం ఉంది. ప్లాంకులు, పక్క ప్లాంకులు చేస్తూనే ఉన్నావు, అవి చాలు. నాకు అనుమానం నీ 8 కిలోల మీద. నువ్వు తగ్గావు, బండి వెనక స్ప్రింగు తగ్గలేదు. పాత బరువుకు పెట్టిన ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచామన్నది) ఇప్పుడు నీకు గట్టిగా ఉండి, ప్రతి గతుకునూ నేరుగా వెన్నులోకి కొడుతూ ఉండొచ్చు. కొలిచి చూడటం పది నిమిషాల పని. వెనక చక్రం పూర్తిగా గాల్లో వేలాడేలా బండిని లేపించి, యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నిట్టనిలువుగా బండి తోక భాగం మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలువు. తర్వాత బండిని దింపి, హెల్మెట్, జాకెట్, బూట్లతో సహా ఎక్కి, కాళ్లు ఫుట్‌పెగ్గుల మీద పెట్టు. ఒకరు ముందు నుంచి పట్టుకోవాలి, ఇంకొకరు అదే దూరం మళ్లీ కొలవాలి. మొదటి కొలతలోంచి రెండోది తీసెయ్. రోడ్డు బండికి ఆ తేడా సాధారణంగా 30 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. తక్కువ వస్తే ప్రీలోడ్ ఒక మెట్టు తగ్గించి మళ్లీ కొలువు. నీ బండికి రెండు షాకులు కదా, రెండూ ఒకే మెట్టులో ఉండాలి.

హెల్మెట్ కూడా అప్పటి ముఖానికి కొన్నదే. పట్టీ బిగించి, రెండు చేతులతో పట్టుకుని పక్కలకు తిప్పు. దానితో పాటు బుగ్గల చర్మం కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారుతుంటే బుగ్గ ప్యాడ్లు మందంవి కంపెనీవే తెచ్చి వెయ్యి, మధ్యలో స్పాంజి ముక్కలు దూర్చకు. జాకెట్ మోచేతి ప్యాడును చేత్తో తిప్పి చూడు, అది పక్కకు తిరిగిపోతుంటే చేతి పట్టీలు లాగి బిగించు. ఆ పట్టీలు ఉన్నది అందుకే.

ఈ శనివారం కొలిచి, ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో, ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో రాయి. ఆ రెండూ తెలిస్తే మిగతాది చూద్దాం.

నీ
మిత్రుడు